అతనికి ఏం తక్కువ?

‘షేమ్’ సినిమా మీద తగవంతా నగ్నత్వం గురించేనని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. నగ్నత్వం మొదటి కొద్ది నిమిషాల్లోనే వచ్చేస్తుంది. మైకేల్ ఫాస్‌బెండర్ వేసిన బ్రాండన్ పాత్ర ఒంటి మీద నూలుపోగు లేకుండా తన ఫ్లాట్‌లో అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఆన్సరింగ్ మెషీన్‌లో చెల్లెలి గొంతు పిలుస్తూ ఉంటుంది. అతను ఫోన్ ఎత్తడు. దేహాన్ని చూసి ఇబ్బంది పడేవాళ్లు అక్కడే ఇబ్బంది పడతారు, కాసేపటికి సర్దుకుంటారు. అసలు పేచీ అతను బట్టలు వేసుకున్నాక మొదలవుతుంది. మంచి కోటు, మంచి జీతం, మాన్‌హటన్‌లో ఎత్తయిన అంతస్తులో ఇల్లు, రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న అమ్మాయి చూపు తిప్పుకోలేని రూపం. ఇన్ని ఉన్న మనిషి బాధలో ఉన్నాడని దర్శకుడు మనల్ని నమ్మమంటాడు. ప్రేక్షకులు సరిగ్గా అక్కడే రెండుగా చీలిపోతారు.

స్టీవ్ మెక్వీన్ ఈ సినిమాను 2011లో తీశాడు. అప్పటికి అతను ఐర్లండ్ ఖైదీ బాబీ శాండ్స్ నిరాహారదీక్ష మీద తీసిన ‘హంగర్’తో పేరు తెచ్చుకున్నాడు, ‘ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్’తో ఆస్కార్ ఉత్తమ చిత్రం అందుకోవడం తర్వాతి మాట. అబీ మోర్గన్‌తో కలిసి కథ రాసుకునేటప్పుడు ముందు లండన్‌లో బ్రాండన్‌లా లైంగిక వ్యసనంలో చిక్కుకున్న మనుషులను కలవాలని చూశారట. అక్కడ ఎవరూ నోరు విప్పలేదు. న్యూయార్క్‌లో మాట్లాడారు, అందుకే కథ న్యూయార్క్‌కు మారింది. ఆ సెప్టెంబరులో వెనిస్ ఉత్సవంలో ఫాస్‌బెండర్‌కు ఉత్తమ నటుడిగా వోల్పీ కప్ ఇచ్చారు. అమెరికాలో సెన్సారు రేటింగుల్లో అన్నిటికన్నా కఠినమైన ఎన్‌సీ-17 ఇచ్చారు. అంటే తల్లిదండ్రులు వెంట ఉన్నా పదిహేడేళ్లు, అంతకన్నా తక్కువ వయసువాళ్లకు ప్రవేశం లేదు. ఫాక్స్ సెర్చ్‌లైట్ సంస్థ కత్తిరింపులకు పోకుండా డిసెంబరులో అలాగే విడుదల చేసింది. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ పూర్తి నాలుగు నక్షత్రాలిచ్చి, రెండోసారి మాత్రం చూడగలనని అనుకోను అని రాశాడు. ఇంకొందరు ఇదంతా ఫ్యాషన్ పత్రిక బొమ్మల్లాగా చల్లగా, అందంగా ఉందని, లోపల దాగింది పాత కాలపు నీతిబోధేనని అన్నారు. ఫాస్‌బెండర్‌కు ఆస్కార్ నామినేషన్ కూడా దక్కలేదు.

ఈ గొడవ పాతదే. కానీ నాకు ఇది రోజువారీ పనిలో ఎదురయ్యే గొడవ. నేను హనుమకొండలో మానసిక ఆరోగ్య కౌన్సెలర్‌ని. మా ఇంట్లో అప్పుడప్పుడు పది మందిమి కలిసి సినిమా చూసి మాట్లాడుకుంటాం. ఈ సినిమా చూసిన రాత్రి మాటలు అర్ధరాత్రి దాటినా తెగలేదు. మా ఆయన స్నేహితుడు, వకీలు, అందరికన్నా ముందు తేల్చేశాడు: “పైసలున్నయి, నౌకరి ఉన్నది, మనిషి మంచిగున్నడు. ఏం తక్కువైందని ఏడుస్తుండు వదినా? గిది గూడ రోగమేనా?” పక్కనే ఉన్న కాలేజీ లెక్చరర్ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “నాకైతే ఆయన మీద కోపం రాలే, జాలి రాలే అక్కా. ఆ చెల్లెను జూస్తుంటేనే భయమైంది” అంది. ఇద్దరూ ఒకే సినిమా చూశారు.

వకీలు అడిగిన ప్రశ్న చిన్నదేం కాదు. ఈ సినిమాను ఇష్టపడనివాళ్లలో ఎక్కువమంది మనసులో ఉన్నది అదే. తమకు దొరకనిది ఒకడికి విరివిగా దొరుకుతుంటే, వాడు దుఃఖంలో ఉన్నాడంటే మనసు ఒప్పదు. తాగుబోతు బాధను మనం నమ్ముతాం. వాడి చేతులు వణకడం చూశాం, ఇల్లు గుల్ల కావడం చూశాం, మన వీధిలోనే చూశాం. పేకాటలో పొలం పోగొట్టుకున్నవాడి బాధనూ నమ్ముతాం. దేహసుఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అది ఎంత ఉంటే అంత అదృష్టమని మగవాళ్ల లోకం చిన్నప్పటి నుంచీ నేర్పింది. నవ్వుతూ నేర్పింది, సినిమాల్లో నేర్పింది. అలాంటప్పుడు బ్రాండన్ ముఖం చూసి మగవాళ్లు విసుక్కోవడంలో వింతేముంది?

ఆ ముఖాన్ని మెక్వీన్ ఎలా చూపించాడో గమనించాలి. సినిమాలో అతన్ని నిజంగా ఇష్టపడే మనిషి ఒకరున్నారు, ఆఫీసులో పనిచేసే మారియాన్. నికోల్ బెహారీ ఆ పాత్ర వేసింది. ఇద్దరూ హోటల్లో భోజనానికి కూర్చుంటారు. కెమెరా చాలాసేపు కదలదు. వెయిటర్ అడ్డు పడుతుంటాడు, మాటలు తడబడతాయి, ఇద్దరికీ కొంచెం సిగ్గు. పెళ్లి, కాపురం లాంటివాటి మీద తనకు నమ్మకం లేదంటాడు బ్రాండన్. ఇప్పటిదాకా ఒక మనిషితో ఎక్కువలో ఎక్కువ ఎన్నాళ్లు ఉన్నావని ఆమె అడుగుతుంది. నాలుగు నెలలంటాడు. ఆ అమ్మాయి నవ్వేస్తుంది కానీ మనకు నవ్వు రాదు. తర్వాత ఒక మధ్యాహ్నం ఆమెతో ఏకాంతంలో ఉన్నప్పుడు అతని వల్ల కాదు. ముక్కూమొహం తెలియని వాళ్లతో ఎప్పుడంటే అప్పుడు సాధ్యమైంది, తనను మనిషిగా చూసిన ఒక్క ఆమెతో సాధ్యం కాదు. ఆమె వెళ్లిపోతుంది. అతను ఇంకొకామెను పిలిపించుకుంటాడు.

నా గదిలో ఇదే కథను వేరే మాటల్లో విన్నాను. గుర్తుపట్టే వివరాలేవీ రాయను. నడివయసు మనిషి, అప్పుల యాప్‌లలో మునిగాడు, ఉద్యోగం ఊడే దశలో ఉన్నాడు, భార్యకు ఫోన్ దొరికాక వచ్చాడు. అతని జబ్బంతా డబ్బిచ్చి కొనే పొందులు, రాత్రంతా చూసే వీడియోలు. “సుఖం ఎన్నడో పోయింది మేడం. ఆపలేకపోతున్న, అంతే” అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ‘షేమ్’లో చివరికి వచ్చే ఆ రాత్రి అర్థమైంది. ఇద్దరు స్త్రీలతో ఉన్న బ్రాండన్ ముఖాన్ని కెమెరా దగ్గరగా పట్టుకుంటుంది. కళ్లు మూసుకుని వింటే శృంగార దృశ్యంలో ఉండాల్సిన సంగీతం కాదది, చావు దగ్గర ఉండాల్సిన సంగీతం. ఆ ముఖంలో ఒక్క క్షణం కూడా హాయి లేదు. ఆ దృశ్యం చూసి కోరిక పుట్టిందని చెప్పినవాళ్లు నాకు ఇంతవరకూ తారసపడలేదు. తామర గోక్కుంటే హాయిగా ఉంటుందని ఎవరూ కావాలని తామర తెచ్చుకోరు కదా. వకీలుకు నేను చెప్పింది ఇంతే.

ఇక్కడ వైద్యం ఏమంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రేక్షకుల్లాగే వైద్యులూ చీలి ఉన్నారు. అమెరికాలో ప్యాట్రిక్ కార్న్స్ 1983లో రాసిన పుస్తకంతో లైంగిక వ్యసనం అన్న ఆలోచన జనంలోకి వెళ్లింది. కానీ అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన వ్యాధుల పట్టికను కొత్తగా వేసినప్పుడు దీన్ని చేర్చడానికి ఒప్పుకోలేదు. ఆధారాలు చాలవంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమలు చేసిన తన వ్యాధుల పట్టిక ఐసీడీ-11లో ‘కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్’ పేరుతో చోటిచ్చింది. అదీ వ్యసనాల వరుసలో కాదు, ఉద్రేకాన్ని అదుపు చేసుకోలేని రుగ్మతల వరుసలో. ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువ కాలం, ఆరోగ్యమూ ఉద్యోగమూ సంసారమూ పాడవుతున్నా, పెద్దగా తృప్తి ఏమీ లేకున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. అందులోనే ఇంకో మాట రాశారు. అది మనకు చాలా అవసరం. కేవలం తాను చేస్తున్నది పాపమని, తప్పని అనుకోవడం వల్ల కలిగే బాధ ఒక్కటే ఉంటే దాన్ని ఈ రుగ్మత కింద లెక్క వేయకూడదు.

ఎందుకు అవసరమంటే, నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లలో చాలామందికి రుగ్మత లేదు, భయం ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు నిద్ర లేక, తిండి లేక వస్తాడు. ఒంట్లో రక్తమంతా పోయిందని, పెళ్లికి పనికిరానని గట్టిగా నమ్ముతాడు. వాడు చేసింది ఆ వయసు పిల్లలు మామూలుగా చేసేదే. ఎక్కడికి వెళ్లావురా ఇంతకు ముందు అంటే, గోడ మీద రాసిన నంబరుకు ఫోన్ చేశానంటాడు. రైలు పట్టాల పక్క గోడల మీద, బస్టాండు మరుగుదొడ్ల మీద ఉండే ఆ రాతలు మనందరికీ తెలుసు. ప్రతి నెలా ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో దొరుకుతామని చెప్పే డాక్టర్లు. లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటనలివ్వడాన్ని 1954లో వచ్చిన చట్టమే నిషేధించింది. అయినా గోడలు ఖాళీగా లేవు. అక్కడ పొట్లాలకు వేలకు వేలు పోసి, మరింత భయంతో తిరిగివచ్చే పిల్లలు ఎందరో. లండన్‌లోనే నోరు విప్పని మనుషులు మన ఊళ్లలో ఎవరికి చెప్పుకుంటారు? లాడ్జి డాక్టరుకు చెప్పుకుంటారు. ఎందుకంటే అతను తెలిసినవాడు కాదు, మళ్లీ కనపడడు.

‘షేమ్’ను మెచ్చుకునేవాళ్లతోనూ నాకు ఒక పేచీ ఉంది. పాపం, జబ్బు మనిషి అని జాలిపడి వదిలేసేవాళ్లతో. పైన చెప్పిన ఆ మనిషి భార్య రెండోసారి ఒక్కతే వచ్చింది. “రోగమని మీరు చీటీ రాసిస్తే ఆయన ఇంట్ల తలెత్తుకొని తిరుగుతడు మేడం. మరి నా సంగతేంది?” అని అడిగింది. ఆమె ప్రశ్నకు ఏ వైద్య పుస్తకంలోనూ జవాబు లేదు. పట్టుబడ్డాక రోగం మాట ఎత్తే పెద్దమనుషులను లోకం చూస్తూనే ఉంది. నేను ఆమెకు చెప్పింది, ఇప్పటికీ నమ్మేది ఇది: జబ్బు ఉందని తేలితే బాధ్యత తగ్గదు, వైద్యం చేయించుకోవడం, చెల్లించాల్సినవి చెల్లించడం, నీకు నిజం చెప్పడం ఆయన బాధ్యతలో చేరతాయి. క్షమించాలా వద్దా అన్నది పూర్తిగా నీ ఇష్టం. ఏ డాక్టరూ దాన్ని చీటీ మీద రాయలేడు.

మెక్వీన్ సినిమా ఈ భార్య ప్రశ్నను మరిచిపోలేదనే నా అభిప్రాయం. అందుకు సాక్షి చెల్లెలు సిస్సీ. ఆ పాత్ర వేసిన కేరీ మలిగన్ నటన గురించి, ఫాస్‌బెండర్ గురించి చెప్పినంతగా ఎవరూ చెప్పరు, అది అన్యాయం. ఒక రాత్రి ఆమె బార్‌లో ‘న్యూయార్క్ న్యూయార్క్’ పాట పాడుతుంది. అందరూ హుషారుగా పాడే పాటను ఊపిరి సలపనంత నెమ్మదిగా పాడుతుంది. కెమెరా ఆమె ముఖం మీదే నిలబడుతుంది. వింటున్న అన్న కంట ఒక చుక్క జారుతుంది. చూస్తున్న మనకు వీళ్లిద్దరికీ చిన్నతనంలో ఏదో జరిగిందని తెలుస్తుంది, ఏం జరిగిందో సినిమా చెప్పదు. మేము చెడ్డవాళ్లం కాదు, చెడ్డ చోటు నుంచి వచ్చామంతే అన్న అర్థంలో ఆమె ఒక సందేశం వదులుతుంది, అంతకుమించి ఒక్క ముక్క లేదు. కారణం చెప్పలేదని చాలామందికి కోపం. మా లెక్చరర్‌కు మాత్రం చెప్పకపోవడం వల్లే భయం వేసింది. కారణం చెప్పి ఉంటే మనం ఆ కారణాన్ని తిట్టుకుని ఇంటికి వెళ్లి పడుకునేవాళ్లం. బ్రాండన్ తన ఉద్రేకం వెంట ఊరంతా తిరుగుతున్న ఆ రాత్రి చెల్లెలు ఇంట్లో మణికట్టు కోసుకుని పడి ఉంటుంది. అన్న పరుగెత్తుకుని వస్తాడు. ఆమె బతుకుతుంది. జబ్బు ఒకరిది, నెత్తురు ఇంకొకరిది. నా గదిలోకి వచ్చిన ఆ భార్య మాట్లాడింది ఈ నెత్తురు గురించే.

అయితే ఈ సినిమాలో తప్పు లేదని అనను. ఆ చివరి రాత్రి బ్రాండన్ ఎర్రటి వెలుగుల మధ్య ఒక గే క్లబ్బులోకి దిగుతాడు. మగవాళ్ల మధ్య సాంగత్యాన్ని పతనానికి అట్టడుగు మెట్టులా చూపించారని అప్పట్లోనే విమర్శ వచ్చింది. మా ఇంట్లో కూర్చున్నవాళ్లలో చిన్నవాడు, ఇంకా చదువుకుంటున్నవాడు, అదే అన్నాడు. మన సుప్రీంకోర్టు 2018లో స్వలింగ సంపర్కం నేరం కాదని 377 సెక్షన్ విషయంలో తీర్పు ఇచ్చాక పెరిగిన తరం వాడిది. “నరకం అంటే నా జీవితాన్ని చూపిస్తున్నరా ఆంటీ?” అని అడిగాడు. దర్శకుడి తరఫున నేను ఎంత వాదించినా ఆ ప్రశ్న నిలబడుతుంది. వాడన్నది నిజం.

మెక్వీన్ తీసిన రెండేళ్లకు డెన్మార్క్ దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్ ఇదే విషయం మీద ‘నింఫోమేనియాక్’ తీశాడు. 2013 క్రిస్మస్ రోజున కోపెన్‌హాగెన్‌లో మొదటి ప్రదర్శన. రెండు భాగాలు, దాదాపు నాలుగు గంటలు. కత్తిరించని ప్రతి అయితే ఐదున్నర గంటలు. 2014లో టర్కీ నిషేధించింది. అదే ఏడాది నార్డిక్ దేశాల కౌన్సిల్ సినిమా బహుమతి ఇచ్చింది. ఈసారి బ్రాండన్ స్థానంలో జో అనే స్త్రీ, షార్లెట్ గేన్స్‌బూర్. దెబ్బలు తిని సందులో పడి ఉన్న ఆమెను సెలిగ్మన్ అనే పెద్దాయన ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చి, రాత్రంతా ఆమె కథ వింటాడు. చేపల వేట, ఫిబొనాచీ సంఖ్యలు, బాక్ సంగీతం అంటూ మధ్య మధ్య ఉపన్యాసాలు. నిజం చెప్పాలంటే ఆ ఉపన్యాసాలు నాకు విసుగు పుట్టించాయి. అయినా రెండు చోట్ల ఆ సినిమా నన్ను వదల్లేదు.

ఒకటి ఊమా థర్మన్ వచ్చే ఘట్టం. భర్త తనను వదిలి జో దగ్గరికి వస్తే, ఆమె ముగ్గురు కొడుకులను వెంటబెట్టుకుని ఆ ఇంటికే వస్తుంది. మీ నాన్నకు ఇష్టమైన మంచం చూద్దాం రండి అని పిల్లలను లోపలికి తీసుకెళుతుంది. మర్యాదగా మాట్లాడుతూ మాట్లాడుతూ చివరికి గొంతు చించుకుని అరుస్తుంది. రెండోది ముగింపు. నువ్వు చేసిందే ఒక మగవాడు చేసి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదని ఆ పెద్దాయనే జోకు నచ్చజెబుతాడు. ఎంత మంచివాడు అనుకుంటాం. కాసేపటికి ఆమె నిద్రపోయాక ఆయనే ఆమె మంచం దగ్గరికి వస్తాడు. అన్ని వేల మందితో ఉన్నదానివి, నాతో అయితే ఏం అన్నట్టు మాట్లాడతాడు. తెర చీకటైపోతుంది, తుపాకీ పేలిన శబ్దం వినిపిస్తుంది.

ఈ రెండు సినిమాల గురించి నేను విన్న మాటలను పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. బ్రాండన్ గురించి, “ఏం తక్కువ వానికి?” అన్నారు, లేదా “పాపం” అన్నారు. జో గురించి ఆ రెండు మాటలూ ఎవరి నోటా రాలేదు. వచ్చిన మాటలు పత్రికలో రాయదగినవి కావు. అవే మాటలు బాగా చదువుకున్నవాళ్ల నోటి నుంచే వచ్చాయి. నా గదిలో కూడా అంతే. ఈ బాధ ఉందని తనంతట తాను వచ్చి చెప్పుకున్న ఆడమనిషి చాలా అరుదు. జబ్బు ఆడవాళ్లకు రాదని కాదు. వచ్చిందని చెబితే సెలిగ్మన్‌లా విని, సెలిగ్మన్‌లా చూస్తారని వాళ్లకు ముందే తెలుసు.

అందుకే ఈ సినిమాలు మన దగ్గర దొరకాలా, కత్తిరించాలా అన్న వాదనలో నాకు పెద్దగా ఆసక్తి లేదు. పెద్దవాళ్ల సినిమా పెద్దవాళ్లు చూస్తారు. ‘ఎ’ సర్టిఫికెట్ అందుకే ఉంది. పిల్లలకు చూపించమని నేను ఎవరికీ చెప్పను. చూసిన పెద్దలు మధ్యలో లేచి వెళ్లిపోయినా నాకు అభ్యంతరం లేదు. భరించలేని మనిషి లేచి వెళ్లడం తప్పు కాదు. నాకు బాధ కలిగించేది, చివరిదాకా కూర్చుని, ఆ ముఖాన్ని అంతసేపు చూసి కూడా, వీడికి ఏం తక్కువ అని లేచే మనిషి. ఆ మనిషి ఇంట్లో రేపు ఒక కొడుకు, ఒక తమ్ముడు, ఒక భార్య, ఒక భర్త నోరు తెరిచి ఆపలేకపోతున్నాను అంటే, వాళ్లు వినబోయే మొదటి మాట అదే.

ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో అలాంటి బాధలో ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. గోడ మీద నంబరుకు ఫోన్ చేయకండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడికి వెళ్లండి. ఆసుపత్రి మెట్లు ఎక్కడానికి మనసు రాకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించింది, డబ్బు తీసుకోరు, రాత్రయినా పగలయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.